వాకిట్లో సైకిలు తొక్కి చూపించాను

జనగామ సంఘంలోని పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్ళకు యేసయ్య పేరిట నా నమస్కారం. పాస్టరు అయ్యగారు నా మీద ప్రేమతో కుర్చీ వేయించారు గాని, సహోదరులారా, నేను నిలబడే చెప్తాను, ఎందుకంటే మంచం మీద నేను పడి ఉన్నది చాలు, ఇప్పుడు నిలబడే చోటు దొరికితే కూర్చోవడానికి నాకు మనసొప్పదు!

నా పేరు ఏలియా, మాది రేగొండ, నేను దర్జీ పని చేస్తాను. తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసి జనం దీక్షలకు కూర్చుంటున్న రోజుల్లో, వానాకాలంలో, నాకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకున్నాను. తగ్గిన తర్వాత కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి, మర్నాడు మోకాళ్ళు పట్టు తప్పాయి, ఆ మర్నాడు నేను మంచం మీంచి లేవబోతే కాళ్ళు నావి కానట్టు అక్కడే ఉండిపోయాయి. ఇంటికొచ్చినవాళ్ళలో ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు ఎవరో చేతబడి చేయించారన్నారు, నా భార్య సలోమి మాత్రం ఎవరి మాటా వినకుండా ఆటో మాట్లాడి నన్ను వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ డాక్టరు చూసి, ఇది నరాల జబ్బు, కాళ్ళ నుంచి పైకి పాకుతుంది, ఛాతీ దాకా పోతే ఊపిరి ఆగిపోయేది, సమయానికి తెచ్చారు అన్నాడు. ప్రాణం దక్కింది, దేవునికే మహిమ! కాళ్ళు మాత్రం ఎప్పుడొస్తాయో, ఎంత వస్తాయో చెప్పలేనన్నాడు.

మీరొకటి తెలుసుకోవాలి. నాకు సైకిలంటే ప్రాణం. పొద్దంతా కుట్టుమిషను తొక్కిన కాళ్ళతోనే సాయంత్రం సైకిలెక్కి ఒకనాడు పరకాల తోవన, ఒకనాడు భూపాలపల్లి తోవన, పనీ పాటా ఏమీ లేకుండానే పోయి వచ్చేవాణ్ణి. పత్తి చేల మీంచి గాలి వచ్చి ముఖానికి తగులుతుంటే నాకు నవ్వు ఆగేది కాదు, అంత సంతోషం! మా సంఘంలో ఒక పెద్దాయన నన్ను ఆపి, "గీ ఉత్త తిరుగుడు దేనికి పనికొస్తదిరా ఏలియా? పొట్టకా, దేవుని పనికా?" అని అడిగేవాడు. నా దగ్గర జవాబు లేదు. తొక్కాలనిపిస్తుంది, తొక్కుతాను, అంతే.

అలాంటివాణ్ణి మంచాన పడ్డాను. ఎదురుగా గోడకు ఆనించిన సైకిలు. నేను తిక్క మనిషిని, సలోమి మీద కేకలు వేశాను, "దాన్ని ఎవరికన్న ఇచ్చెయ్యి, నా కండ్ల ముంగట ఉంచకు!" అని. పక్క తండాలో పుట్టిన చాందీ అని ఒక చెల్లెలు ఉంది, రవికలన్నీ నా దగ్గరే కుట్టించుకుంటుంది, భూపాలపల్లి దాటాక కాటారం తోవలో ఉన్న తండాకు ఆమెను ఇచ్చారు. ఆమె, ఆమె భర్త భీమ్లా నన్ను చూడ్డానికి వచ్చారు. నేను గోడ వైపు తిరిగి పడుకొని వాళ్ళతో ఒక్క మాట మాట్లాడలేదు. భీమ్లా నా కాళ్ళను చూసి తల కొట్టుకొని పోయాడు.

ఆ సాయంత్రం సలోమి సైకిలును తుడిచి తెచ్చి మంచం పక్కనే నిలబెట్టింది. సంఘంలో నోరు తెరిచి ప్రార్థన చేయడానికి సిగ్గుపడే మనిషి, సహోదరీలారా, హ్యాండిలు మీద చెయ్యి వేసి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. "నాయినా యేసయ్యా, ఈ మనిషి సైకిల్ తొక్కి ఇంటికొస్తే మొకం వెలిగిపోయేది. ఆ సంతోషం నువ్విచ్చిందే గద! ఇయ్యాల నీకు వందనాలు చెప్తున్న తండ్రీ. కాళ్ళు ఎప్పుడిస్తవో నీ ఇష్టం. గని ఈయన మనసును మాత్రం మంచాన పడనియ్యకు, గంతే అడుగుతున్న!"

నాకు మండిపోయింది. కాళ్ళు లేనివాడి ముందు సైకిలుకు వందనాలేంది అనుకున్నాను. అంతలోనే ఏడుపు ముంచుకొచ్చింది, ఎంత ఆపినా ఆగలేదు, ఏడ్చి ఏడ్చి నేను కూడా, అవును ప్రభువా, అది నువ్విచ్చిందే అన్నాను. జబ్బు పడ్డ తర్వాత నేను నోటితో చేసిన మొదటి ప్రార్థన అదే.

కాళ్ళు వెంటనే వచ్చాయని నేను అబద్ధం చెప్పను. మెల్లగా వచ్చాయి. ముందు బొటనవేలు కదిలింది, సలోమి వీధంతా వినపడేలా "హల్లెలూయ!" అని అరిచింది. కాస్త కూర్చోగలిగాక దవాఖానలో కసరత్తు నేర్పే అమ్మాయి, పెడలు తొక్కితే మంచిది అని చెప్పింది. ఇంకేం కావాలి నాకు! సైకిలుకు వాకిట్లో స్టాండు వేసి, సలోమి ఒక పక్క, మా పక్కింటి పిన్ని ఒక పక్క పట్టుకొని నన్ను ఎక్కించేవాళ్ళు. పాదాలు జారకుండా నా షాపులోని గుడ్డపీలికలతో పెడళ్ళకు కట్టేవాళ్ళు. వెనక చక్రం గాల్లో తిరిగేది, నేను ఉన్నచోటనే ఉండేవాణ్ణి. పిన్ని ఊరుకుంటుందా, "ఏం ఏలియా, భూపాలపల్లి వచ్చిందా?" అని రోజూ అడిగేది. "ఇంకా రాలే పిన్నీ, చాయ పెట్టు, గంతలోపే వస్తది" అనేవాణ్ణి.

అట్లా నవ్వుతాలకు అన్నదే నాకు దారి చూపించింది. వాకిట్లో కళ్ళు మూసుకొని తొక్కుతూ నిజంగానే ఆ తోవన పోవడం మొదలుపెట్టాను. ఇదిగో ఫలానా ఊరు వచ్చింది, ఇక్కడ నాకు నీళ్ళిచ్చిన అవ్వ ఉంది, ప్రభువా ఆమెను చల్లగా చూడు. ఇదిగో మలుపు, ఇక్కడ పంక్చరేసే అన్న ఉన్నాడు, ఆయన ఇంట్లో గొడవలు తీర్చు. ఇదిగో చాందీ వాళ్ళ తండా, ఆ పిల్లలను కాపాడు. అలా ఊరి పక్కన ఊరు, ఇంటి పక్కన ఇల్లు! ఊరికే తిరిగాననుకున్న తోవలన్నీ దేవుడు నాకు ప్రార్థనకు పనికొచ్చేలా చేశాడు, దేవునికే స్తోత్రం! సైకిలు దిగేసరికి చెమట, కన్నీళ్ళు రెండూ కారుతుండేవి.

మరుసటి ఏడు తెలంగాణ కోసం సమ్మె వచ్చింది, మీ అందరికీ తెలుసు, బస్సులు లేవు, బడులు లేవు, రోడ్లకు అడ్డంగా మొద్దులు. అప్పటికి నేను నడుస్తున్నాను, సైకిలు కూడా తొక్కుతున్నాను గాని ఊరి పొలిమేర దాటింది లేదు. దసరా ముందు ఒక పొద్దున చాందీ ఫోన్ చేసింది. "అన్నా, నా రవికలు కుట్టకు. మాకు పండుగ లేదు. మా రవిగాని కాళ్ళు పడిపోయినయ్" అని ఏడ్చింది. రవి పెళ్ళీడుకొచ్చిన కొడుకు. జ్వరం వచ్చిందట, తగ్గిందట, వేళ్ళు తిమ్మిరెక్కాయట, ఇప్పుడు నడుము కూడా పట్టు తప్పుతోందట. నాకొచ్చిన జబ్బే! అది ఛాతీ దాకా పోతే పిల్లవాడు దక్కడు.

ఫోన్ భీమ్లాకు ఇమ్మన్నాను. "బావా, ఎంబడే వరంగల్ తీస్కపో, ఆలస్యం చెయ్యకు" అన్నాను. అతను నా మీద గయ్యిమన్నాడు. "దవాఖానకు పోయొచ్చినంక గూడ నువ్వు మంచాన్నే పడి ఉంటివి, నా కండ్లార చూసిన. మా పోరన్ని గూడ గట్లనే చేసుకోమంటవా? మా తీరుగ మేం మొక్కుకుంటం."

"బావా, నేను ఇప్పుడు నడుస్తున్న!"

"ఫోన్ల నడుస్తవా?" అని పెట్టేశాడు.

అతని తప్పేముంది సహోదరులారా, అతను చూసినప్పుడు నేను పీనుగలా పడి ఉన్నాను. మాటలతో అయ్యే పని కాదని నాకు తెలిసిపోయింది. నా కాళ్ళు వాళ్ళ కళ్ళకు కనబడాలి. బండ్లున్నవాళ్ళను అడిగితే రోడ్డు మీదికి తీయడానికి భయపడ్డారు. సైకిలు బయటికి తీశాను. సలోమి నీళ్ళ సీసా హ్యాండిలుకు తగిలించి, "పో. ప్రార్థన నేను చేస్తుంట, తొక్కుడు నువ్వు తొక్కు" అంది.

మొదట్లో బాగానే పోయింది. తర్వాత తొడలు మంటలెత్తాయి, ఎత్తు వచ్చిన చోట దిగి నడిపించుకుంటూ పోయాను. "ప్రభువా, ఈ కాళ్ళు నీవి, తండా దాకా రానియ్యి, తర్వాత నీ ఇష్టం" అని అదే మాట అంటూ తొక్కాను. భూపాలపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటా వార్పూ నిరసన నడుస్తోంది. ఒక పిల్లగాడు నా హ్యాండిలు పట్టుకొని, "ఇయ్యాల చక్రం తిరుగద్దు" అన్నాడు. "సైకిల్‌ను గూడ ఆపుతరా? నేను తెలంగాణోన్ని కాదా?" అని నేను గొంతు చించుకున్నాను. గొడవ విని వంట దగ్గరున్న ఒక అక్క గరిటె పట్టుకునే వచ్చింది, సంగతి అడిగింది, విన్నది. "ముందుగాల తిను, నీ మొకంల నెత్తురు సుక్క లేదు" అని విస్తరి నా చేతిలో పెట్టి, నేను తింటుంటే అందరికీ గట్టిగా చెప్పింది, "గీ అన్న ఎనుకకు రోగిని తెస్తడు, మొద్దు పక్కకు జరిపి ఉంచాలె!" అని. ఆ చేతి అన్నం తినకపోతే నేను దారిలోనే పడిపోయేవాణ్ణి, అది దేవుడు పెట్టిన అన్నం!

తండాకు చేరేసరికి భీమ్లా వాకిట్లో తలపట్టుకు కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. రవి మంచం గుమ్మం పక్కనే ఉంది. వాడి కళ్ళలో భయం చూశాను, సహోదరులారా, ఆ భయం నాకు తెలుసు. నేనేమీ బోధించలేదు. సైకిలు దిగకుండానే ఆ మంచం చుట్టూ, వాకిలి చుట్టూ తొక్కాను. దిగి నడిచాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి చూపించాను. "నీకొచ్చిందే నాకొచ్చింది బిడ్డా" అన్నాను.

రవి తల తిప్పి, "ఇంకోసారి తొక్కవా మామా?" అన్నాడు.

కాళ్ళలో సత్తువ లేదు, అయినా ఎక్కి ఇంకో చుట్టు తొక్కాను. ఆ చుట్టు పూర్తయ్యేలోపే భీమ్లా తమ భాషలో ఎవరినో గట్టిగా పిలిచాడు, ట్రాక్టరు వచ్చింది, ట్రాలీలో మంచంతో సహా రవిని ఎక్కించారు. నేను పక్కన కూర్చొని, "ఊపిరి నిలుపు ప్రభువా" అని ఒక్కటే ప్రార్థన. భూపాలపల్లి దగ్గర మొద్దు పక్కకు జరిపి ఉంది. గరిటె పట్టిన ఆ అక్క రోడ్డు మీద నిలబడి, "పోనియ్యుండ్రి, పోనియ్యుండ్రి!" అని అరుస్తూ ఉంది.

వరంగల్‌లో ఆ సాయంత్రమే రవికి ఊపిరి మిషను పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే పెట్టే పని కూడా ఉండేది కాదన్నారు. వాడు బతికాడు. నడుస్తున్నాడు. మొన్న నాకు ఫోన్ చేసి నల్లరంగు సైకిలు కొనాలా, ఎర్రది కొనాలా అని నా బుర్ర తిన్నాడు. దేవునికే మహిమ, దేవునికే స్తోత్రం!

నాకా సంతోషం దేవుడు ఎందుకిచ్చాడని అడిగితే ఇప్పుడు నా దగ్గర జవాబుంది. ఈ జనగామలో గాని, తరిగొప్పులలో గాని, మానుకోటలో గాని, మీ ఇంట్లో ఎవరైనా మంచాన పడి గోడ వైపు తిరిగి పడుకొని ఉంటే, డాక్టరుకు చూపించండి, యేసయ్యను నమ్ముకోండి, నాకు కబురు చేయండి. నాకు ప్రసంగం రాదు, పాట అసలే రాదు. మీ వాకిట్లో సైకిలు తొక్కి చూపిస్తాను. ఇంకోసారి తొక్కమంటే, ఇంకోసారి తొక్కుతాను.