అత్త గ్లాసులో నేరేడు

యాంగోన్ నదికి అవతలున్న దలా నుంచి ఫోను వచ్చేసరికి నేను ఫెర్రీ రేవులోనే ఉన్నాను. నెలలో మొదటి ఆదివారం, అత్త ఇంటికి భోజనానికి బయలుదేరాను. పక్కింటావిడ "బేగి రా" అనలేదు. "మెల్లిగా రామ్మా, ఇంక తొందరేటీ నేదు" అంది. అత్త పోయిందని నాకు అలా తెలిసింది.

మా నాన్నకి అక్క ఆవిడ. చర్చిలో ముందు వరసలో కూర్చుని గట్టిగా పాడే మనిషిగా మీలో కొందరికి తెలుసు. ఆవిడని భోజనం దగ్గర చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మావయ్య షాన్ కొండల నుంచి యాంగోన్‌కి లారీలో క్యాబేజీ తెచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అక్కడి తోటల్లో చేసిన ఎర్ర వైను ఒక సీసా పట్టుకొచ్చేవాడు. ఆయన పోయాక అత్త కొనడం మొదలుపెట్టింది. మన ఎండకి వేడెక్కకుండా సీసాకి తడిగుడ్డ చుట్టి కిటికీలో పెట్టేది. చిన్న గాజు గ్లాసుల్లో వచ్చినవాళ్లకి రెండేసి గుక్కలు పోసి, "నాలిక్కి ఏటి తగిలింది?" అని అడిగేది. ఆ ఇంట్లో రూలొకటే: రుచికి మనం తిన్నదాని పేరే చెప్పాలి. సీసా మీద ఇంగ్లీషులో ఏవో చలిదేశపు పళ్ల పేర్లుండేవి. ఎవరైనా అవి చదివితే, "నువ్వు తిన్నావేటి? తిననిదాన్ని నోట్లో ఎందుకెడతావు?" అనేది.

మేకమాంసం కూరతో ఆ వైను మెత్తబడుతుంది, చింతచిగురు వేస్తే ఇంకా బాగుంటుంది అనేది అత్త. నెత్తళ్ల వేపుడుతో తాగితే మాత్రం నాలిక మీద ఇనుప రుచి. ఊరవేసిన తేయాకు తిని తాగితే నోరంతా వగరే. ఆ ఆదివారాల్లో కూరలో కారం కూడా తగ్గించేది, లేకపోతే నోరు మండి వైను రుచి తెలియదని.

నేను మాత్రం తాగేదాన్ని కాదు. మద్యపానం మీద కరపత్రాలు చదివి ఒట్టు పెట్టుకున్నాను. ఒకసారి కంచం ముందే లేచి నిలబడి, "అత్తా, ఇది పేదవాళ్ల రక్తం!" అని అరిచాను.

"రగతం ఇంత పల్చగుంటాదేటే? కూకో, కూర సల్లారిపోతంది" అంది.

పోయిన వానాకాలం అత్తకి జ్వరం వచ్చి తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఉప్పు, పులుపు తప్ప ఇంకేమీ తెలిసేవి కావు. ఒక ఆదివారం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ఈ వాసనొస్తే మీ మావయ్య లారీ దిగినట్టుండేదే. ఇప్పుడాయన కూడా రావట్లేదు. ఓపాలి నీ నోరు అరువియ్యే."

అత్త ఎవర్నీ సాయం అడిగే మనిషి కాదు. కరపత్రం నా సంచిలోనే ఉంది. నేను గ్లాసు అందుకున్నాను.

"పుల్లగా ఉంది."

"ఏ పులుపు? సింతపండా, నిమ్మా?"

"నేరేడు. ఆ వగరు కూడా ఉంది. వెనకాల మిరియం."

"ఊఁ."

"అడుగున... తడిసిన గోనె."

"గోనెప్పుడు తిన్నావే నువ్వు?" అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. క్యాబేజీ మీద తడిగోనెలు కప్పి తెచ్చేవాడు మావయ్య.

"వచ్చీసినాడే," అంది.

ఆ తర్వాత ప్రతినెలా నది దాటి వెళ్లి అత్త కోసం రుచి చెప్పాను. సారా కొట్ల మీద నా కోపం తగ్గలేదు, ఇప్పటికీ కరపత్రాలు పంచుతాను. దానికి అత్త అడ్డు చెప్పలేదు. "కోప్పడు, మంచిదే. ముందు అన్నం తిను" అనేది.

సమాధి దగ్గర నుంచి తిరిగొచ్చాక చూస్తే కిటికీలో మూత తియ్యని సీసా ఉంది. ఆ ఆదివారానికి తెచ్చిపెట్టుకుంది. చుట్టిన గుడ్డ ఎండి బిగుసుకుపోయింది. చర్చి పెద్దాయనొకరు, "సావింట్లో ఇదేటమ్మా, పారబొయ్యి" అన్నాడు.

"ఇది మా మావయ్య ఇంటికొచ్చే దారి, తాతా! ఎవరూ ముట్టుకోవద్దు" అని కసిరాను.

మూత తీశాను. అత్త గ్లాసులో పోసి ఒక గుక్క తాగాను. "నేరేడు, అత్తా. మిరియం. తడిగోనె," అని పైకే చెప్పాను. గుడ్డ మళ్లీ తడిపి సీసాకి చుట్టి కిటికీలో పెట్టాను. నది మీంచి గాలి వస్తోంది. గుడ్డ అంచు నుంచి నీళ్లు ఒక్కొక్క బొట్టుగా కింద పడి గుమ్మం వైపు పారుతున్నాయి.