రెండు వరసల కుట్టు

హామిల్టన్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న తెలుగావిడ ఒడిలో ఐస్ హాకీ జెర్సీ ఉంది. పెద్ద లీగ్‌లో ఆడే ఒక జట్టు ఆటగాళ్ల జెర్సీల మీద పేర్లు కుట్టడం ఆవిడ పనట.

"కింది లీగ్ నుంచి ఎవరినైనా జట్టులోకి పిలిస్తే పేరు కుడతాం, వెనక్కి పంపేస్తే విప్పేస్తాం. అందుకే వదులుగా కుట్టమంటారు. ఈ అబ్బాయి పేరు ఇప్పటికి రెండుసార్లు విప్పానమ్మా," అన్నారు.

"మళ్ళీ పిలిచారా ఆంటీ?"

"ఆఁ. ఈసారి రెండు వరసలు గట్టిగా కుట్టేశా."

"మళ్ళీ విప్పాలంటే కష్టం కదా?"

"కష్టమవ్వాలనే," అంటూ ఆ అక్షరాలను అరచేత్తో నిమిరారు.

ఆ అబ్బాయి పేరు మరిచిపోయాను. ఆవిడ పేరు అడగనే లేదు. ఇన్నేళ్లయినా టీవీలో హాకీ వస్తే గోల్ సంగతి వదిలేసి, ఆటగాళ్ల వీపుల మీద కుట్లు వెతుక్కుంటాను.