ఎడమ మూల

మా చర్చిలో పాటలు పాడే నలుగురం చదరంగంలో పడ్డది లాక్‌డౌన్ పుణ్యమా అని. చర్చికి తాళం పడింది, పాటలు ఆగిపోయాయి, చేతిలో ఫోన్లు మాత్రం మిగిలాయి. మా నలుగురిలో చిన్నవాడు, మెట్టుగూడలో ఉండే రైల్వే గుమాస్తా, గ్రూపులో ఒక లింకు పెట్టి "అన్నా, జెర ఆడుదాం రా" అన్నాడు. ఆ తర్వాత చర్చి తెరిచారు, పాటలూ మొదలయ్యాయి. ఆట మాత్రం మమ్మల్ని వదల్లేదు.

మాకొక కట్టుబాటు ఉండేది. ఓడినవాడు ఆ ఓడిన బోర్డునే వాట్సాప్‌లో తన డీపీగా పెట్టుకోవాలి, మళ్లీ ఒక ఆట గెలిచేదాకా. నా డీపీలో నా ముఖం కనబడటం అరుదైపోయింది. కాకినాడ నుంచి మా పెద్దక్క ఫోన్ చేసి, "ఏరా, ఆ గళ్ల గుడ్డేంట్రా? లుంగీల వ్యాపారం గానీ పెట్టావా?" అని అడిగింది.

నేను పద్మారావు నగర్‌లో ఒక బడిలో లెక్కల మాస్టర్ని. లెక్కలు చెప్పేవాడు చదరంగంలో ఓడిపోవడమేంటని నా ఉక్రోషం. మొదట్లో బాగానే గెలిచేవాణ్ణి కూడా. పోను పోను ఓటములు పెరిగాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ట్యాబ్‌ని తిట్టాను, నెట్‌ని తిట్టాను, కొత్త కళ్లద్దాలు చేసిచ్చినవాణ్ణీ తిట్టాను. ఒకసారి ట్యాబ్‌ని సోఫా మీదకి విసిరికొడితే మా ఆవిడ, "పోనీ ఆ ఆట మానెయ్యకూడదూ, బీపీ అయినా తగ్గుతుంది" అంది. మానడమా! కోపం వచ్చినకొద్దీ ఇంకో ఆట మొదలుపెట్టేవాణ్ణి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెట్టుగూడ తమ్ముడు నన్ను చర్చి మెట్ల మీద కూర్చోబెట్టాడు. నా డీపీలన్నీ దాచిపెట్టుకున్నాడట, వరసగా చూపించాడు.

"గిది చూడు అన్నా. తెల్లవి ఆడితే నీ మంత్రి పక్క ఏనుగు పోతది. నల్లవి ఆడితే రాజు పక్క దెబ్బ పడ్తది. రెండు రకాల జబ్బులనుకున్న నేను. కానీ నల్లవి ఆడేటప్పుడు బోర్డు తిరుగుతది గద. రెండూ ఒక్కటే. నీ ఎడమ దిక్కు. నువ్వు ఎడమ దిక్కు చూస్తలేవు."

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. జబ్బు దొరికింది. దొరికాక మందెంతసేపు? వాడే మందు కూడా చెప్పాడు. ప్రతి ఎత్తుకీ ముందు ఎడమ మూల నుంచి చూపు షురూ చేయాలి. తల ఎడమకి తిప్పి, ఆ అంచు గళ్లు పైనుంచి కిందిదాకా చూసి, ఆ తర్వాతే పావు మీద వేలు పెట్టాలి.

నేను మొండివాణ్ణి, పట్టుకుంటే వదలను. బడికి వెళ్లే ముందు, బడి నుంచి వచ్చాక, అదే సాధన. ఎడమ మూల, ఎడమ మూల. కొన్నాళ్లకి తల తనంతట తానే తిరగడం నేర్చుకుంది. ఏనుగులు పోవడం ఆగింది. నా రేటింగు పెరుగుతూ పోయింది. బోయిగూడలో ఉండే బ్యాంకు ఆయన, మాలో అందరికంటే గట్టి ఆటగాడు, నా చేతిలో ఓడి ఆ బోర్డుని డీపీగా పెట్టుకున్న రోజున మా ఇంట్లో సేమ్యా పాయసం వండించాను. పాయసం తింటూ తమ్ముడు, "నా శిష్యుడు" అని నా భుజం చరిచాడు. నిజమే కదా అనుకున్నాను.

తల తిప్పే అలవాటు బోర్డు దగ్గర ఆగలేదు. మంచినీళ్ల గ్లాసు చేతికి తగిలి పడటం తగ్గింది. అంతకుముందు బోయిగూడ సందులో ఎడమ పక్కనుంచి వచ్చిన ఆటోకి స్కూటర్ గీసుకుని, కళ్లు కనబడవా అని ఆటో అతన్ని నానా మాటలూ అన్నవాణ్ణి, ఇప్పుడు హాయిగా బండి నడుపుతున్నాను. ఏకాగ్రత పెరిగింది, చదరంగం మహిమ అని బడిలో పిల్లలకి పాఠం కూడా చెప్పాను.

అలా ఏడాది పైనే గడిచింది. కళ్లద్దాలు మార్చుకుందామని వెళ్తే అక్కడి అమ్మాయి నా కళ్లల్లోకి లైటు వేసి చూసి, మళ్లీ చూసి, పెద్ద ఆసుపత్రికి వెళ్లమంది. తమ్ముడు సెలవు పెట్టి తోడొచ్చాడు. అక్కడ ముందు కుడి కన్ను మూసి, ఒక గిన్నెలాంటి మిషన్లో గడ్డం ఆనించమన్నారు. మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ, పక్కల ఎక్కడ వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. నా తల ఊరుకుంటేనా! ఎడమకి పోతూనే ఉంది. "సార్, మీరు వెతుకుతున్నారు. వెతకొద్దు. మధ్యలోనే చూడండి" అని టెక్నీషియన్ విసుక్కున్నాడు. మళ్లీ మొదటినుంచి పెట్టాడు. మధ్యలోనే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికీ వెలుగు రాలేదు. మిషన్ ఆగిపోయిందేమో అనుకున్నాను.

గ్లకోమా అన్నారు డాక్టరమ్మ. నొప్పి ఉండదట, తెలియకుండా తినేస్తుందట. ఎడమ కన్ను దాదాపు అయిపోయింది. కుడి కంట్లోనూ ఎడమ సగం పోయింది. పోయింది రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో ఎన్నాళ్లు నిలబెట్టగలమో చూడాలి అన్నారు. "ఇంత పోయేదాకా మీకేమీ తేడా తెలియలేదా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు, "తెలిసింది మేడం. ఏడాది దాటింది" అన్నాడు. "అప్పుడే వచ్చి ఉంటే చాలా మిగిలేది" అన్నారామె.

ఇప్పుడు స్కూటర్ లేదు. ఈ ఏడుతో బడి కూడా మానేయాలి. నల్లబల్ల మీద నేను రాసిన లెక్కలో సగం నాకే కనబడదు. రోజూ పొద్దున లేవగానే గోడ మీది క్యాలెండర్ చూసి, నిన్న కనబడ్డంత ఇవాళ కనబడుతోందా లేదా అని భయపడతాను. తమ్ముడు ఆట మానేశాడు. ఆఫీసు నుంచి వస్తూ మాత్రం మా ఇంట్లో ఆగుతాడు, టీ తాగుతాడు, ఆట మాట ఎత్తడు.

మొన్న సాయంత్రం వాడికి ఫోన్ వస్తే మాట్లాడుతూ వాకిట్లోకి వెళ్లాడు. కాసేపటికి మాట వినబడటం ఆగింది. చెప్పకుండానే వెళ్లిపోయినట్టున్నాడు అనుకున్నాను. మా ఆవిడ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎన్నాళ్లనుంచో నోట్లో నానుతున్న మాట బయటపడింది.

"వాడు నాకు ఆ చిట్కా చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇంకా ఓడిపోయేవాణ్ణి, ఇంకా గుద్దుకునేవాణ్ణి, ఏదో ఒకనాడు డాక్టరు దగ్గరికైనా పోయేవాణ్ణి. పాడు ఆట నేర్పించి నా కళ్లు పోగొట్టాడు."

మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని నా పక్కకి చూస్తోంది.

తల పూర్తిగా ఎడమకి తిప్పాను. వాడు నా పక్క కుర్చీలోనే ఉన్నాడు, ఫోను ఒళ్లో పెట్టుకుని. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో.

వాడు లేచి, ఫ్రిజ్ తలుపు తీసి, చుక్కల మందు సీసా పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"తల పైకెత్తు అన్నా. చుక్కలేస్త."