ఆయన రాయకుండా వదిలిన గోడ

ఇటలీ నుంచి వచ్చి మా విజయనగరంలో రెండు చలికాలాలు గడిపిన చరిత్రకారుడు పోయారు. చరిత్రకారుడిగా మారిన పేరుపడ్డ పాత్రికేయుడు సొంత ఊళ్ళో కన్నుమూశారని ఇంగ్లీషు పేపర్లో ఓ మూల చిన్న వార్త వేశారు. కాలేజీ స్టాఫ్‌రూములో చదివాను. చెప్పుకుందామంటే అక్కడ ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు.

రామతీర్థం కొండమీది బౌద్ధ శిథిలాల గురించి పుస్తకం రాయడానికి వచ్చారాయన. అక్కడి విహారం అందరూ అనుకునేదానికన్నా చాలా పెద్దదని ఆయన వాదన. చరిత్ర మేష్టర్ని కాబట్టి మాటలు తర్జుమా చెయ్యడానికి నన్ను వెంట తీసుకెళ్ళేవారు. కోట దగ్గర అద్దెగదిలో ఒక్కరే ఉండేవారు. తన భాష వినిపించే మనిషి లేక, రోజూ సాయంత్రం తను రాసింది తనే పైకి చదువుకునేవారు. అది అయ్యేదాకా నేను మెట్లమీదే ఆగేవాణ్ణి.

ఒకరోజు కొండకింద ఓ రైతు ముసలమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆమె పశువులశాల గోడ నిండా వెడల్పాటి పాత ఇటుకలు. కొండమీది విహారంవే. ఆయన వాటిని నిమురుతూ రాసుకుంటుంటే ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ దొర రాసేత్తన్నాడు. రేపు ఆపీసోళ్ళొచ్చి గోడ పీకేత్తారేటి బాబూ? మాయత్త కట్టించినాది."

ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కలానికి మూత పెట్టేశారు.

"నేను ఈ గోడ చూడలేదని చెప్పండి."

"మీ వాదనకి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదండీ" అన్నాను తిరుగుదారిలో.

అప్పుడు చెప్పారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, తన దేశంలో కుర్ర విలేఖరిగా ఉన్నప్పుడు, సైనికుల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి అన్నంపెట్టిన ఒక రైతు మంచితనం గురించి రాశారట. రైతు పేరూ, ఊరిపేరూ కూడా వేశారు. సైనికులు ఆ ఇంటికి వెళ్ళారు. రైతు మిగల్లేదు. యుద్ధం ముగిసి ఇరవై ఏళ్ళు దాటినా ఆ మాట చెప్తూ దారిలో ఆగిపోయారు.

"పేరు వెయ్యడం మనకి చిటికెలో పని. ఆ పేరున్న మనిషి మర్నాడు కూడా అక్కడే బతకాలి" అన్నారు.

పుస్తకం వచ్చాక, ఆధారాలు చాలవని పండితులు తీసిపారేశారు. అయినా ఆయన ఆ గోడ సంగతి బయటపెట్టలేదు.

మొన్న ఆదివారం ముసలమ్మకి ఆయన పోయిన కబురు చెప్పడానికి వెళ్ళాను. ఆ గోడమీదే పిడకలు కొడుతోంది.

"దగ్గిర ఎవులున్నారు బాబూ?"

"తెలీదమ్మా."

"మాటాడే మడిసి నేకండా పోనాడేటో" అని చేతులు కడుక్కుని అరుగుమీద కూర్చుంది. నేనూ కాసేపు కూర్చున్నాను.

తిరుగు బస్సులో అలవాటుగా, ఆయన కూర్చునే కిటికీ పక్క సీటు వదిలి కూర్చున్నాను. నెల్లిమర్ల దాకా ఎవరూ ఎక్కలేదు. కోసిన చేలమీది గాలి ఆ సీటు మీదుగా వచ్చి మొహానికి తగులుతూనే ఉంది.