అంబాసిడర్ అద్దంలో రఖమాబాయి చెయ్యి

కర్ఖేలిలో రఖమాబాయి నవ్వడం మొదలుపెడితే పక్కింటి బర్రెలు కూడా మేత ఆపి ఇటు చూసేవని ఊళ్లో చెప్పుకునేవారు. కూతురు ఇందుబాయి పెళ్లి బరాత్‌లో బాజా ముందు ఆడుతూ పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు కూడా ఆమె ముందు నవ్వి, తర్వాతే ఏడ్చింది. నాందేడ్ తీసుకుపోయి కట్టు కట్టించారు. చెయ్యి అతికింది గానీ, అప్పుడు తీసిన ఎక్స్‌రే ఫోటో మీద ఆమెకు ఎక్కడలేని ముద్దు పుట్టింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ దాన్ని వెలుతురుకు పట్టి, "గిది నా బొటనేలు, గిది ఉంగరపేలు. ఉంగరం ముందే తీపిచ్చిన్రు, లేకుంటే అది సుత ఫోటోల పడుతుండె" అని చూపించేది. ఎనభైలో సూర్యగ్రహణం నాడు వాడకట్టంతా ఆ ఫోటోనే అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆమె నాందేడ్‌లో కూతురింటికి వచ్చింది, ఫోటోతో సహా. అల్లుడు శివరాం అక్కడ అంబాసిడర్ ట్యాక్సీ నడిపేవాడు. ఒక సాయంత్రం అతను ఎర్రబడ్డ కళ్లతో ఇంటికొచ్చాడు.

"ఏంది అల్లుడా, ఏడ్చినవా?"

"నేనెందుకేడుస్త అత్తమ్మా. ఎనక లారీ అస్తే దాని లైటంత లోపటి అద్దంల పడి నా కండ్లల్ల కొడుతున్నది. ముంగట తొవ్వ కనిపిస్తలేదు. అద్దం మలిపితే ఎనక ఎవడస్తుండో ఎర్క అయితలేదు."

"సూర్యున్నే సల్లగ జేసిన ఫోటో మనింట్ల ఉన్నది. లారీ లైటెంత?"

ఇందుబాయి కత్తెర తెచ్చింది. ఫోటో అంచున నల్లటి ముక్క కత్తిరించి అద్దానికి అంటించారు. మర్నాడు శివరాం వచ్చి, "లైటు పోయింది అత్తమ్మా, లారీ సుత పోయింది. వాడు హారన్ కొట్టినంక తెలిసింది, ఎనకనే ఉన్నడని" అన్నాడు.

ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అంచు మరీ నల్లగా ఉందని రఖమాబాయికి అర్థమైంది. "నడుమల జర పల్చగున్నది. వేళ్లకాడ కొయ్యి" అంది.

"అది నీ చెయ్యి గద అత్తమ్మా," అని శివరాం వెనకాడాడు.

"నా చెయ్యి నాకాడనే ఉన్నది," అని ఆమె అతని మొహం ముందు అయిదు వేళ్లూ ఆడించింది.

ఈసారి కుదిరింది. లారీ లైటు వెన్నెలంత మెత్తబడింది, లారీ కూడా కనిపించింది. అయితే, దాంతోపాటు ఇంకొకటి కూడా కనిపిస్తుందని శివరాం ఆలోచించలేదు.

ఆ వారమే ఒక పెళ్లికొడుకునూ అతని మేనత్త సుమిత్రాబాయినీ ఎక్కించుకుని బిలోలి బయల్దేరాడు. పొద్దు గూకింది. వెనక లారీ వచ్చింది. అద్దంలో తెల్లటి ఎముకల వేళ్లు ధగధగా వెలిగాయి.

సుమిత్రాబాయి పెళ్లికొడుకు మెడ పట్టుకుంది. "డ్రైవర్ సాబ్, అద్దంల ఎవల్దో చెయ్యి."

"భయం లేదు పెద్దమ్మా. మా అత్తది."

"అయ్యో పాపం, ఎప్పుడు పోయింది?"

"పోలేదు. ఇంట్ల జొన్నరొట్టెలు చేస్తున్నది."

పెళ్లికొడుకు నవ్విన నవ్వుకు బాసింగం జారి ముక్కు మీదికొచ్చింది. అది చూసి సుమిత్రాబాయి నవ్వింది. ఆమెను చూసి శివరాం నవ్వి, ఇక నడపలేక బండి పక్కకు ఆపాడు. వెనక లారీవాడు కూడా ఆపి, "క్యా హువా భాయ్?" అంటూ దిగొచ్చాడు. సంగతి విని, తన లైటు వెలిగించి పెట్టి, అద్దం చూడ్డానికి తనే ట్యాక్సీలోకెక్కాడు. పెళ్లి పందిట్లో మంత్రాలకన్నా ఆ చేతి మాటే ఎక్కువ వినిపించింది.

నెల తిరక్కుండా తోటి డ్రైవర్లు తమ అద్దాలకూ ఓ ముక్క కావాలని శివరాం ఇంటికి వరస కట్టారు. "ఒక్క చెయ్యే ఇరిగింది నాయనా. ఏం చేద్దునో చెప్పున్రి," అని రఖమాబాయి వాళ్లకు చాయ్ పోసి పంపింది.

ఊరికి తిరిగి పోయేనాడు ఆమె అల్లుడి పక్కన ముందు సీట్లో కూర్చుంది. చీకటి పడ్డాక ఒక లారీ వెనక చేరింది. అద్దంలో తన చెయ్యి వెలగగానే ఆమె వేళ్లు ముడిచింది. అద్దంలోవి ముడుచుకోలేదు.

"నా చెయ్యే నా మాట ఇంటలేదు సూడు అల్లుడా," అంది నవ్వాపుకుంటూ.

లారీ దాటిపోయి అద్దం నల్లబడింది. ఇంకో లారీ వచ్చేదాకా మెల్లగా పొమ్మంది రఖమాబాయి. శివరాం సరేనని గేరు తగ్గించాడు.