వెయిట్‌లెస్ అంబదాస్

అంబదాస్‌కు లోకంలో ఏదీ బరువు కాదు. ఏది ఎత్తినా, ఎత్తకుండా ఊరికే చూసినా "వెయిట్‌లెస్!" అనేవాడు. ఇంగ్లిష్‌లో అతనికి వచ్చిన మాట అదొక్కటే. బట్టల దుకాణంలో చీరల మీద అంటించిన కాగితం చూసి నేర్చుకున్నాడు. అర్థమేమిటని అడిగితే, "మీదేసుకున్నా ఉన్నట్టే తెల్వదు, గదీ!" అని తేల్చేసేవాడు.

కరీంనగర్‌లో అతను పనిచేసే మరమగ్గాల షెడ్డులో, నూలు చుట్టిన ఇనుప బీము ఎత్తలేక నలుగురు చెమటలు కక్కుతుంటే, ఓ మూల పట్టుకుని ఇదే మాట. గోనెసంచిలాంటి యూనిఫాం గుడ్డ నేసి ఇదే మాట. పెళ్లాం గంగుబాయి కోపం కూడా వెయిట్‌లెస్సే. అయితే అది మాత్రం ఆమెకు వినపడకుండా అనేవాడు.

ఇలాంటి మనిషి సుధాకర్ పాలిట పడ్డాడు. సుధాకర్‌ది పక్క మగ్గం, ఒళ్లు తొంభై కిలోలు. షెడ్డు మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనై మూడు నెలలైనా మంచం దిగలేదు. రోజూ వచ్చి నడక ప్రాక్టీసు చెయ్యకపోతే ఆ కాలు ఇక అంతేనన్నాడు డాక్టరు. ఉండేదేమో రెండో అంతస్తులో, అద్దెకు. భార్య నవీన బీడీలు చుట్టి సాకుతుంటే, తినే ముద్ద అతని గొంతు దిగేది కాదు. ఇంకా ఎందుకు బతికానా అనిపించేది. ఎవరికీ చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"లే తమ్మీ, దవాఖానకు పోదాం," అంటూ ఓ పొద్దున దిగాడు అంబదాస్.

"నేను రానన్నా. ఎవలు మోస్తరు నన్ను?"

యాభై కిలోలు కూడా లేని అంబదాస్ వీపు చూపించి గొంతుక్కూర్చున్నాడు. "ఎక్కు!"

ముప్పై రెండు మెట్లు. కిందికి చేరేసరికి ముఖం కందిపోయింది, కళ్లు బయటికొచ్చాయి. గోడకు ఆనుకుని "వెయిట్... వెయిట్..." అన్నాడు. మిగతా సగం ఆటోలో కూర్చున్నాక వచ్చింది.

నెల రోజులు ఇదే వరస. ఆస్పత్రిలో నిలబడమంటే సుధాకర్ భయపడి కూలబడేవాడు. తిరిగొచ్చేటప్పుడు సిగ్గుతో ఏడుపొచ్చేది, మళ్లీ ఆ మాట వింటే ఒళ్లు మండేది. "గా మాట బంద్ చెయ్యన్నా! నా బరువు నాకు తెల్వదా?" అని అరిచేవాడు.

ఒకరోజు ఆటో దిగాక, జారిన చెప్పు అందివ్వడానికి అంబదాస్ వంగాడు. చొక్కా పైకి లేచింది. నడుముకు వెడల్పాటి పట్టీ బిగించి ఉంది.

"ఇదేందన్నా?"

"నడుం జర పట్టింది. పదిహేను రోజులాయె."

"బరువైతున్ననని ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఎక్కుతవా?"

ఆ రాత్రంతా సుధాకర్‌కు నిద్ర రాలేదు.

మర్నాడు అంబదాస్ వచ్చి వీపు వంచితే సుధాకర్ ఎక్కలేదు. ఓ చేత్తో మెట్ల పక్క కమ్మీ, ఓ చేత్తో నవీన భుజం పట్టుకుని, పళ్లు బిగించి కాలు మెట్టు మీద మోపాడు. ప్రాణం జివ్వుమంది. ఇంకో మెట్టు దిగాడు. ఎదురుగా వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ చాచుకుని, అంబదాస్ నోరు తెరవబోయాడు.

"అనకన్నా!" గద్దించాడు సుధాకర్. "బరువుంది. కాలు మీద మంచిగ పడుతుంది. నాకు తెలుస్తుంది."

ముప్పై రెండు మెట్లు దిగడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ అంబదాస్ నోరు మూసుకునే ఉన్నాడు. అతని జన్మలో అంత బరువైన పని ఇంకోటి చెయ్యలేదని నవీన ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.