పుల్లమ్మ అడిగిన ఆసరా

ఇప్పగుంపు గూడెం వార్డు మెంబరు పుల్లమ్మకు ఒక గుణం ఉంది. గడప తొక్కిన మనిషిని నోరు తెరిచి ఇది కావాలని అడగదు. "చేతనైతే జర ఆసరా చెయ్యి" అంటుంది, అంతే. ఎదుటివాడికి లేదనే కష్టం కూడా పెట్టకూడదని ఆమె పద్ధతి.

ఆ ఏడు ఎండాకాలం గ్రామసభకు పంచాయతీ సెక్రటరీ వెంకటరామారావు వచ్చాడు. మంచివాడే. పుల్లమ్మ అంబలి ఇస్తే తాగి, చెంబు తానే కడిగి తిరిగిచ్చాడు.

"నిధులొచ్చినయి పుల్లమ్మా. గూడేనికేం కావాలో చెప్పు, ప్లాన్‌ల రాస్త" అన్నాడు.

పుల్లమ్మ మనసంతా కోడలు వనజ మీదే ఉంది. ఆ పిల్లకు నెలలు నిండేది సరిగ్గా వానల్లో. దవాఖానా వాగుకు ఆవల. నీళ్లొస్తే వాగులో కాలు నిలవదు. వంతెన కావాలి. కానీ ఇంటికొచ్చి అంబలి తాగిన మనిషిని అంత పెద్ద మాట ఎట్లా అడగడం?

"ఏం లేదు సారూ, వాగు కాడ మనుషులకు ఏదన్న ఆసరా పెట్టియ్యుండ్రి."

సెక్రటరీ గుండె కరిగింది. పాపం, వాగు గట్టున ఎండకూ వానకూ నిలబడుతున్నారు కాబోలు! సర్కారు పని అంత జల్దీగా అవడం ఆ గూడెం ఎన్నడూ చూడలేదు. తొలకరికల్లా ఈవలి గట్టున ఇనుప స్తంభాలు లేచాయి, వాటి మీద రేకులు, కింద సిమెంటు బల్ల. బస్సు మొహమే చూడని ఆ గట్టున, నుదుటన నీలం రంగుతో 'బస్ షెల్టర్'.

ఆవలి గట్టున ఆటో నడిపే జంపయ్య చూసి పగలబడి నవ్వాడు. "అత్తా, నీ బస్సెప్పుడొస్తదో చెప్పు, నా ఆటో అమ్ముకుంట!"

"నవ్వకురా. సారు మంచిగనే ఇన్నడు. నా నోట్లకెళ్లే వంతెన మాట రాలే."

వనజకు నొప్పులు మొదలైన రోజు వాగు నడుములోతున ఉరవడిగా పారుతోంది. పుల్లమ్మ కోడల్ని ఆ సిమెంటు బల్ల మీద కూచోబెట్టి సమ్మక్క తల్లికి మొక్కింది. ఆవల జంపయ్య నవ్వలేదు. సామాన్లు కట్టే మోకును ఒక కొస తన ఆటోకు బిగించి, రెండో కొస నోట కరుచుకుని ఈదుకొచ్చి షెడ్డు స్తంభానికి కట్టాడు. నలుగురు మగవాళ్లు వనజను మంచంతో భుజాలకెత్తుకుని, ఆ మోకే ఆసరాగా వాగు దాటారు. మధ్యలో ఆటో వాగు వైపు జారి మోకు వదులయ్యేసరికి అందరి పైప్రాణాలు పైకే పోయాయి. షెడ్డు స్తంభం మాత్రం కదల్లేదు. దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది.

మరుసటేడు గ్రామసభలో పుల్లమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, సిగ్గు చంపుకుని అడిగేసింది.

"వంతెన కావాలె సారూ."

సెక్రటరీ నొచ్చుకున్నాడు. "అది మన నిధులతోని అయ్యేది కాదమ్మా, వేరే శాఖోళ్లది. షెడ్డంటే చెప్పు, ఇప్పుడే రాస్త."

పుల్లమ్మ మనవరాలిని ఇంకో తొడ మీదికి మార్చుకుంది. పాపం, ఆయన మొహం చిన్నబుచ్చడం ఎందుకు?

"అయితే ఆవలి గట్టున ఇంకో షెడ్డు రాయుండ్రి. స్తంభాలు మాత్రం గట్టియి పెట్టియ్యుండ్రి."

"అవ్ సారూ, జల్దీ రాయుండ్రి," వెనక నుంచి జంపయ్య అందుకున్నాడు. "నా ఆటో బతికిపోతది."